చిల్లు కాణీ సాక్ష్యం

ముప్పై ఏళ్ళుగా నేను చెప్పుకుంటూ తిరిగిన సాక్ష్యం అబద్ధమని ఈమధ్య ఒక శుక్రవారం మధ్యాహ్నం, ప్రార్థన ముగిశాక, చెప్పుల స్టాండు దగ్గర నిలబడి ఉండగా తెలిసింది. తెలియజేసింది శిరీష అనే నర్సు. ఖతార్ వచ్చి రెండు నెలలు కాలేదు. తోటి నర్సు ఒకామె మా స్త్రీల కూడికకు తీసుకొచ్చింది. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా నేను చెప్పే సాక్ష్యం ఒకటుంది. అదే ఆ రోజూ చెప్పాను. వయసులో ఉన్నప్పుడు నాతో పాటు ఒకే ఇంట్లో పనిచేసిన మార్త అనే చెల్లి, ఊళ్ళో చావుబతుకుల మధ్య ఉన్న ఆమె కొడుకు నాని, ఆమె తన పెట్టె అడుగున దాచుకున్న శపితమైన వస్తువు, అంటే రెండు వెండి మువ్వలూ ఒక చిల్లు కాణీ కట్టిన మొలతాడు, దాన్ని తీసి పారేసిన వారానికే బిడ్డ లేచి కూర్చుని పాలడగడం. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో నాకు కంఠతా వచ్చు. ఆగిన చోటల్లా హల్లెలూయా అన్నారు. అందరూ వెళ్ళిపోయేదాకా ఆ పిల్ల చెప్పు బకిలు పెట్టుకుంటూనే ఉంది. తర్వాత తలెత్తి, "ఆంటీ, ఆ మార్త గారి అసలు పేరు మంగతాయారా అండి?" అంది. అవునమ్మా, నీకెలా తెలుసు అన్నాను. "మా అమ్మండి" అంది. నా ఆనందం ఏం చెప్పను! రెండు చేతులూ పట్టేసుకున్నాను. అమ్మ ఎలా ఉంది, నాని ఏం చేస్తున్నాడు, పెళ్ళయిందా, పిల్లలా అని ఊపిరి తీసుకోకుండా అడిగాను. ఆ పిల్ల చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది. "అమ్మ పోయిన ఎండాకాలం పోయిందండి. నాని అన్నని నేను చూడలేదు. నేను పుట్టకముందే పోయాడంట. అమ్మ ఇక్కడున్నప్పుడే. ఆ జ్వరంలోనే పోయాడండి."

నా సాక్ష్యాల పుస్తకంలో మొదటి అధ్యాయం ఈ నాని కథే. ఇప్పుడు రాస్తున్నది దాని చోట పెట్టడానికి. పాత ప్రతులు ఎవరి దగ్గరైనా ఉంటే ఆ పేజీలు చింపి పారేయండి. అందులో నేను చాలా మంచిదాన్ని.

అల్ రయ్యాన్‌లో మేం పనిచేసిన ఇంటికి మనిషికి రెండింతల ఎత్తు ప్రహరీ ఉండేది. లోపల ఒక రేగుచెట్టు, దాని పక్కన గ్యారేజీ, గ్యారేజీని ఆనుకుని డ్రైవరు గది. మా గది వంటింటి వెనక, బట్టలుతికే మెషీన్ల పక్కన. ఇప్పటికీ సబ్బుపొడి వాసన తగిలితే నా మోకాళ్ళు నొప్పి పుడతాయి, ఎందుకంటే నేను ప్రార్థనకు మోకరించింది ఆ మెషీన్ల మధ్య చిన్న సందులోనే. తెల్లవారకముందే లేచి ఒక గంట అక్కడ ఉండేదాన్ని. తర్వాత పెద్దామెకు వేడినీళ్ళు, ఆ తర్వాత యాలకులు దంచి గావా అనే అరబ్బు కాఫీ కాయడం, పిల్లల టిఫిన్లు, మగవాళ్ళ తెల్ల అంగీలకు గంజిపెట్టి ఇస్త్రీ. అన్నం వండే గిన్నెలో నల్లని ఎండు నిమ్మకాయలు వేసేవారు, ఆ పులుపు వాసన జుట్టుకు పట్టేది. గురువారం సాయంత్రాలు నిప్పుల మీద ఊదు వేసి, ఆ పొగ మీద బట్టలు పరిచేవాళ్ళం. డాబా మీద ఆరేసిన దుప్పటి మెట్లు దిగేలోపే అప్పడంలా బిగుసుకుపోయేది. శుక్రవారం పెద్ద భోజనాలు, చేప ఉన్న పెద్ద పళ్ళేలు, అవన్నీ తోమాక మాకు సాయంత్రం దాకా సెలవు. మేడమ్ మంచిదే. అడిగినదానికి అడ్డు చెప్పేది కాదు, అడగనిది ఇచ్చేది కాదు.

మేడమ్ అత్తగారిని ఇంట్లో అందరూ యుమ్మా అనేవారు, అంటే అమ్మ. కళ్ళకు తెల్లగా పొర కమ్మింది. మమ్మల్ని చేతులు తడిమి గుర్తుపట్టేది. నా చేయి తగిలితే వదిలేసేది, మంగతాయారు చేయి తగిలితే పట్టుకునేది. డాక్టరు పంచదార వద్దన్నాడు, అయినా చిన్న గాజు గ్లాసులో మూడు చెంచాల పంచదార వేసిన టీ మంగ చేత దొంగతనంగా తెప్పించుకునేది. ఏసీ అంటే పడేది కాదు. మధ్యాహ్నం రేగుచెట్టు వైపు వరండాలో చాప పరిపించుకుని, తస్బీ పూసలు తిప్పుకుంటూ, పాదాలకు నూనె రాయించుకుంటూ నిద్రపోయేది. అలా నూనె రాస్తూ మంగ కూడా కునుకు తీసేది. నాకు ఒళ్ళు మండేది. ఆ వేళలో నేను వాక్యం చదువుకునేదాన్ని మరి.

నేను పాస్టరు గారి కూతుర్ని. ఇంటర్ దాకా చదివాను. నాన్న పోయాక ఏజెంటు చేతుల మీదుగా వచ్చిపడ్డాను. గిన్నెలు తోమడానికి వచ్చిన పాస్టరు గారి కూతురు తనను తాను ఏమనుకుంటుందో తెలుసా? మిషనరీ అనుకుంటుంది. ఆ మెషీన్ల సందులో దేవుడు నాతో మాట్లాడేవాడు. నిజంగానే మాట్లాడేవాడని ఇప్పటికీ అనుకుంటున్నాను. కాకపోతే ఆయన ఒక మాట అంటే నేను పది కలుపుకునేదాన్ని. ఆ పదీ నా గొంతులాగే ఉండేవి, అయినా అనుమానం రాలేదు.

మంగ వచ్చిన రోజు బాగా గుర్తు. పాలకొల్లు అవతల ఊరు. ఇరవై రెండేళ్ళు, గలగలా మాట్లాడే పిల్ల. వాషింగ్ మెషీన్‌తో కూడా మాట్లాడేది, "ఏవమ్మా, ఇంకెంతసేపు తిరుగుతావ్?" అని. పద్నాలుగు నెలల బిడ్డను అత్తగారి ఒళ్ళో పెట్టి వచ్చింది. మొదటి పది రోజులూ జాకెట్ తడిసిపోతుంటే గుడ్డ బిగించి కట్టుకుని నేల తుడిచింది. "ఏడవకే, ఏడిస్తే ఇంకా వస్తాయి" అన్నాను. నాకేం తెలుసు, నేను బిడ్డను కన్నానా? బయల్దేరేముందు పిల్లాడికి కొత్త మొలతాడు కట్టి, పాతది కోసి తెచ్చుకుంది. నల్లదారం, రెండు మువ్వలు, అత్తగారు కట్టిన చిల్లు కాణీ. రెక్సిన్ పెట్టె అడుగున జేబురుమాలులో చుట్టి పెట్టుకుంది. పని అయ్యాక తీసి వాసన చూసేది. వచ్చిన వారంలోనే నా ముక్కు దగ్గర కూడా పెట్టింది. "నాని వాసనక్కా. పాలూ చెమటా. చూడక్కా!" చూశాను. నిజంగానే పాల వాసన.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ పెట్టెలో ఏదో ఉందని దేవుడు నాకు బయలుపరిచాడని ముప్పై ఏళ్ళు చెప్పాను. ఆయన బయలుపరచలేదు. మంగే చూపించింది.

దాన్ని ప్రభువులోకి నేనే నడిపించాను. బలవంతం ఏమీ లేదు. దానికి పాటలంటే ఇష్టం, దిగులు కూడా ఎక్కువ. ఇస్త్రీ చేస్తూ నేర్పిన పాటలు అది నాకన్నా బాగా పాడేది. ఆరు నెలలకు బాప్తిస్మం అడిగింది. కూడిక జరిగే బ్రదర్ గారి ఫ్లాటులో, స్నానాల తొట్టెలో ఇచ్చారు. తొట్టె చిన్నది, మోకాళ్ళు మునిగితే తల తేలింది, తల మునిగితే మోకాళ్ళు తేలాయి, అదేమో నవ్వు ఆపుకోలేక నీళ్ళు మింగింది. నేను గదిమాను. మార్త అని పేరు పెట్టింది కూడా నేనే. ముక్కుపుడక, గాజులు, మెట్టెలు తీయించాను. మెట్టెలు తీసేటప్పుడు మాత్రం, "మా ఆయన ఉన్నాడు కదక్కా" అంది. "ఉంటే? మెట్టెల్లో ఉన్నాడా?" అన్నాను. తీసేసింది. ఆ తర్వాత నన్ను ఏదడిగినా ముందు నా ముఖం చూసి అడిగేది. దాన్ని నేను ఆత్మీయ ఎదుగుదల అనుకున్నాను.

నాని జబ్బు సంగతి ఉత్తరంలో వచ్చింది. జ్వరం దిగట్లేదు, కళ్ళు తేలేస్తున్నాడు, పాలకొల్లు ఆసుపత్రిలో పెట్టాం అని వాళ్ళాయన రాశాడు. మంగ నా కాళ్ళ దగ్గర కూలబడి, "అక్కా, నువ్వు చెబితే ఆయన వింటాడు, చెప్పక్కా" అంది. ఇరవయ్యారేళ్ళ మనిషికి ఎవరూ అలాంటి మాట చెప్పకూడదు. ఇద్దరం ఉపవాసం పట్టాం. మూడు రోజులయింది. మళ్ళీ ఉత్తరం, ఇంకా దిగలేదని. నాకు భయం వేసింది, బిడ్డ గురించి కాదు. నేను చెబితే ఆయన వినలేదని దీనికి తెలిసిపోతుందేమోనని. సరిగ్గా ఆ శుక్రవారమే కూడికలో, డేరాలో ఒక్కడు దాచిపెట్టిన శపితమైన వస్తువు వల్ల జనం జనమంతా ఎలా ఓడిపోయారో బోధించారు. ఇంటికొచ్చేదాకా కారులో ఆ మాటే తిప్పుకుంటూ కూర్చున్నాను. దొరికింది అనుకున్నాను. తప్పు నాది కాదు, ఆయనదీ కాదు.

గదిలోకి రాగానే, "మార్తా, నీ పెట్టె తియ్యి" అన్నాను. "ఎందుకక్కా?" అంది. నేనే పెట్టె మంచం కింద నుంచి లాగి నేలమీద బోర్లించాను. నాలుగు నైటీలు, రెండు చీరలు, వాళ్ళాయన ఫోటో, సబ్బులు, పిల్లాడికని కొన్న ఎర్ర బూట్లు, జేబురుమాలు. అది రుమాలు మీద చేయి వేసింది. నేను వేళ్ళు విడదీశాను. "నీ బిడ్డ కావాలా, ఇది కావాలా?" అన్నాను. "అది వాడిదేనక్కా! వాడి వాసనేనక్కా అది!" అంది. "చిల్లు కాణీ కట్టి, దిష్టి తీసి, ఏ దెయ్యానికి మొక్కి కట్టారో మీ అత్త! నువ్వు ప్రభువు బల్లలో రొట్టె తీసుకుంటూ దీన్ని పెట్టె అడుగున దాస్తావా?" అన్నాను. ఆ పిల్ల ముఖం చూశాక కూడా నేను ఆగలేదు. బయటికి వెళ్ళి, వీధి చివర మునిసిపాలిటీ చెత్తడబ్బాలో రుమాలుతో సహా పారేశాను. చెవులకు నల్ల అబాయ ముసుగు అడ్డం పెట్టుకున్నాను కాబట్టి మువ్వలు మోగాయో లేదో తెలియదు. తిరిగొచ్చి అన్నమాట మాత్రం ఒక్క అక్షరం మర్చిపోలేదు. "ఇప్పుడు తగ్గుతుంది. తగ్గకపోతే నువ్వు ఇంకా ఏదో దాచావన్నమాట. అప్పుడు నీ మనసు వెతకాలి." ఆ చిందరవందరగా పడిన బట్టలన్నీ అదే మడత పెట్టుకుంటుందని వదిలేసి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వారానికి ఫోనొచ్చింది. ఇండియా ఫోన్లు డ్రైవరు గదికి వచ్చేవి. డ్రైవరు ఖాదర్ భాయ్‌ది జగిత్యాల వైపు. నమాజు తప్పని మనిషి, మాతో తెలుగు, ఇంట్లోవాళ్ళతో అరబీ, ఫోన్లో భార్యతో దక్కనీ. ఆయన వంటింటి కిటికీ దగ్గరికొచ్చి మంగను పిలిచాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. నేను గ్యారేజీ వైపు చూస్తూ ద్వారంలో నిలబడ్డాను. అది నడిచొస్తోంది, ఎండలో కళ్ళు చికిలించుకుని. నేను ఎదురెళ్ళి రెండు భుజాలూ పట్టుకుని, "తగ్గిందా?" అని అడిగాను. తగ్గిందా అనే అడిగాను, ఎలా ఉంది అని కూడా కాదు. అది నా ముఖంలోకి చూసింది, ఎప్పటిలాగే. "తగ్గిందక్కా" అంది. "పాలడిగాడంట." అప్పటికి వాడిని పూడ్చిపెట్టి మూడు రోజులు.

నేను మెషీన్ల సందులోకి పరిగెత్తి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ శుక్రవారం దాన్ని కూడికలో నిలబెట్టాను. చెప్పవే, సిగ్గెందుకు అని వెనక నుంచి వీపు నెట్టాను. "నా బిడ్డను దేవుడు బాగుచేశాడు" అని ఒకే ఒక్క వాక్యం చెప్పి కూర్చుంది. మిగతాదంతా నేను లేచి చెప్పాను. హాలంతా చప్పట్లు, కన్నీళ్ళు. అది కూడా ఏడ్చింది. చూడండి, ఆనందబాష్పాలు అన్నాను. బ్రదర్ గారు నా తల మీద చేయి పెట్టి, ఈ చెల్లికి బోధించే వరం ఉంది అన్నారు. ఈ రోజు దాకా నేను తింటున్న గౌరవమంతా ఆ సాయంత్రం మొదలైందే.

ఆ తర్వాతి రోజులు ఇప్పుడు ఒక్కొక్కటే వచ్చి నా ముందు కూర్చుంటున్నాయి. అది తిండి మానేసింది, కృతజ్ఞత ఉపవాసమని మెచ్చుకున్నాను. ఉల్లిపాయల పని ఎవరు చేస్తారన్నా నేనంటూ వచ్చేది. ఒక పొద్దున డాబా మీదికి బట్టలు తీసుకెళ్తే, పిట్టగోడ మీద గిన్నె మూతలో పాలన్నం పెట్టి నిలబడి ఉంది. పసిబిడ్డలకు అలాంటివి పెట్టరని మా పెద్దవాళ్ళు అనేవారు. దానికి ఎవరు చెబుతారు, ఎవర్ని అడుగుతుంది? కాకి కోసం చూస్తోంది. ఆ పేటలో కాకులే కనపడవు, రెండు పావురాలు మాత్రం చుట్టూ తిరుగుతున్నాయి. "ఎవరికే ఇది?" అని అరిచాను. "పిట్టలకక్కా" అంది. "పిట్టలకా, పితరులకా? కడిగిన పంది మళ్ళీ బురదలోకేనా?" అని ఆ మూతను చేత్తో కొట్టాను. పాలన్నం కింద వరండాలో యుమ్మా చాప పక్కన పడింది. మంగ కిందికి వెళ్ళి గుడ్డతో తుడిచింది. యుమ్మా దాని చేయి తడిమి పట్టుకుని, "వలద్ జేన్?" అంది, పిల్లాడు బాగున్నాడా అని. "జేన్" అంది మంగ. ముసలామె తల అడ్డంగా ఊపింది. "లా. మూ జేన్." బాగాలేడు అని. ఆ చూపు లేని కళ్ళు పైకెత్తి నేనున్న వైపు చూసింది. దేవుడి కార్యాలు ఈమెకేం తెలుసులే అనుకున్నాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు యుమ్మా తన చాప మీద దాన్ని పక్కనే పడుకోబెట్టుకుని, తన దుప్పటి దాని తల నిండా కప్పి, పైన చేయి వేసి ఉంచేది. దుప్పటి కదులుతూ ఉండేది. ఎప్పుడైనా పనిమధ్యలో గ్యారేజీ దగ్గరికెళ్ళి ఖాదర్ భాయ్‌తో రెండు మాటలు మాట్లాడి కళ్ళు తుడుచుకుని వచ్చేది. ఆయన ఒకసారి నన్ను ఆపి, "సువార్తమ్మా, ఆ పిల్లను జర ఏడ్వనియ్యి. ఊకె ఎందుకు సతాయిస్తున్నవ్ ఆమెను? నీకు తెల్వనియి కూడ ఉంటయి" అన్నాడు. ఆయనకు తెలుసు. ఫోనెత్తింది ఆయనే కదా. చెప్పొద్దని అది ఒట్టు వేయించుకుందని ఇప్పుడు అర్థమవుతోంది. నాకు అప్పుడు అర్థమైంది ఒకటే, వీళ్ళిద్దరూ నాకు తెలియకుండా ఏదో మాట్లాడుకుంటున్నారు. మేడమ్ దగ్గరికెళ్ళి, మార్త గ్యారేజీ వైపు ఎక్కువగా తిరుగుతోంది, మంచిది కాదు అన్నాను. దాని ఆత్మ క్షేమం కోసమే అన్నాను. ఆ తర్వాత మేడమ్ మంగను గ్యారేజీ వైపు అడుగు పెట్టనివ్వలేదు. ఈ ఖతార్ మొత్తంలో దాని బిడ్డ పోయాడని తెలిసిన ఒక్క మనిషితో కూడా అది మళ్ళీ మాట్లాడలేదు.

నేను మాత్రం ప్రతి శుక్రవారం అడిగేదాన్ని. నాని ఎలా ఉన్నాడే? "మళ్ళీ లేచి నడుస్తున్నాడంటక్కా." తర్వాత, "మాటలొచ్చాయంటక్కా." తర్వాత, "అల్లరంటక్కా, ఆగట్లేదంట." రెండేళ్ళపాటు చచ్చిన బిడ్డను నా కోసం పెంచింది. వీసా అయిపోయి వెళ్ళేరోజు పెట్టె సర్దుకుంటూ ఎర్ర బూట్లు పక్కన పెట్టేసింది. అవి తీసుకెళ్ళవే అన్నాను. "పట్టవక్కా, పెద్దోడైపోయాడు కదా" అంది. అదే ఆఖరు. ఉత్తరం రాయలేదు. ఆశీర్వాదం దొరికాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరని నా పుస్తకంలో రాశాను కూడా. నా మొహం!

చెప్పుల స్టాండు దగ్గర శిరీష చెప్పింది అంతటితో అయిపోలేదు. నేను ఆశగా అడిగాను. "నా గురించి అమ్మ ఏమైనా చెప్పిందామ్మా?" తిట్టిందనైనా చెబుతుందేమో, శపించిందనైనా చెబుతుందేమో అని. "లేదండి. ఎప్పుడూ మీ పేరు వినలేదండి" అంది మర్యాదగా. మళ్ళీ తనే, "గుడికి గానీ చర్చికి గానీ వెళ్ళేది కాదండి. కానీ ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా పెట్టెలన్నీ అరుగు మీదికి దింపి బోర్లించేది. బట్టలు విదిలించి విదిలించి చూసేది. నా స్కూలు బ్యాగు కూడా. ఏం వెతుకుతున్నావమ్మా అంటే చెప్పేది కాదు. పిచ్చనుకున్నామండి. ఆఖరికి మంచం మీద లేవలేక కూడా, చూడవే, ఏమన్నా ఉందేమో చూడవే, అని నా చేత పెట్టె తీయించింది" అంది. అలా చెబుతూ పర్సు తెరిచి, నా అరచేతిలో ఒకటి పెట్టింది. చిల్లు కాణీ. "మా నాయనమ్మ దగ్గర రెండుండేవంట. ఒకటి అన్నకి కట్టింది. ఇది నాకు కట్టబోతే అమ్మ కట్టనివ్వలేదు. నర్సింగ్‌కి వెళ్ళేటప్పుడు నాయనమ్మ చాటుగా ఇచ్చింది. అమ్మ వెతికినప్పుడల్లా ఇది నా దగ్గరే ఉందండి. నేను దాచాను." నా చేతిలోని కాణీనే చూస్తూ అడిగింది. "ఆంటీ, అమ్మ పోయింది దీనివల్లేనా?"

"కాదమ్మా! ఛ, కాదు!" అన్నాను. "మరి అప్పుడు అమ్మకి అలా ఎందుకు చెప్పారండి?" అంది. ఆ అడగడంలో కోపం లేదు. ఆసుపత్రిలో డాక్టర్ని అడిగినట్టు, తెలుసుకోవడానికి అడిగింది. బోధించే వరం ఉన్న దాన్ని కదా, కాణీని ఆ పిల్ల చేతిలోనే తిరిగి పెట్టేశాను.

మరుసటి శుక్రవారం కూడికలో లేచి నిలబడి నిజం చెప్పాను. బిడ్డ బతకలేదనీ, నేను ఏమేం చేశానో అదంతా. గొంతు తగ్గించాల్సిన చోట్లు అలవాటుగా తగ్గిపోయాయి, ఆగాల్సిన చోట్ల ఆగిపోయాను. ఆగినప్పుడల్లా స్తోత్రం, హల్లెలూయా అన్నారు. అయ్యాక ఒకామె వచ్చి, ఎంత తగ్గింపు అక్కా మీది అని నా చేతులు ముద్దుపెట్టుకుంది. శిరీషకు ఆ రోజు డ్యూటీ. మంచిదైంది.

ఆ పిల్ల నన్ను అడిగింది ఒక్కటే. అన్న మొలతాడు పారేసిన చోటు చూపించమంది. ఇద్దరం ట్యాక్సీలో అల్ రయ్యాన్ వెళ్ళాం. ఆ ఇల్లు లేదు, రేగుచెట్టు లేదు. పెద్ద రోడ్డు, పక్కన మట్టి, ఒక ఫెన్సింగు. చెత్తడబ్బాలో వేసినది అక్కడే ఉంటుందా, ఆ వారమే లారీ ఎత్తుకుపోయి ఉంటుంది. అది తనకూ తెలుసు. అయినా, "ఇక్కడేనా అండి?" అని అడిగింది, నా ముఖంలోకి చూసి, అచ్చం వాళ్ళ అమ్మలాగే. నాకు దిక్కు కూడా తెలియలేదు. "ఇక్కడేనమ్మా" అన్నాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, తాళంచెవితో మట్టి తవ్వి, కాణీ పెట్టి కప్పేసింది. "రెండూ ఒక్కచోట ఉండనివ్వండి. ఇంక నా దగ్గరేమీ లేదు" అంది. చేతులు దులుపుకుని, తేలికగా నవ్వింది కూడా.

అప్పుడు నా ప్రార్థనలో ఆయన మాట వినపడేది, ఇప్పుడు వినపడదు. మోకాళ్ళు వంగవు కాబట్టి మంచం మీదే కూర్చుంటాను. అడగడానికి ఏమీ తోచదు. అప్పుడు పెద్ద గొంతుతో ఆయన్ని నా వైపు లాక్కునేదాన్ని, ఇప్పుడు ఆయన ముందు నోరు మూసుకుని కూర్చునే పాటి బుద్ధి వచ్చింది. దీన్ని ఎదుగుదల అంటారా అంటే, ఎవరైనా అంటే అనుకోండి, నేను మాత్రం అనను. ఈ బుద్ధికి ఒక పసివాడి మొలతాడు ఖర్చయింది.

నిన్న పొద్దున శిరీష ఫోన్ చేసింది. "ఆంటీ, రెండు రోజులుగా జ్వరమండి. డ్యూటీకి వెళ్ళలేదు. ఒక్క మాట అడగనా? ఆ రోజు మనం పెట్టింది సరిగ్గా ఆ చోటేనా? ఖాయమేనా అండి?" అంది. ఔనంటే సరిపోయేది. రెండో అబద్ధం మొదటిదాన్ని మోసేది. కానీ ఒక అబద్ధాన్ని ముప్పై ఏళ్ళు మోయించి చూశాను కదా. "గుర్తు లేదమ్మా" అన్నాను. "ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. ఎక్కడో నాకు తెలియదు. దానికీ నీ జ్వరానికీ సంబంధం లేదు తల్లీ, ఏ సంబంధమూ లేదు, విను." "అలాగేనండి" అని పెట్టేసింది.

గంజి కాచి ఫ్లాస్కులో పోసుకుని బయల్దేరాను. వాళ్ళ హాస్టల్ గది తలుపు దగ్గరగా వేసి ఉంది, తోస్తే తెరుచుకుంది. ఆ పిల్ల జ్వరం మగతలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కొత్త సూట్‌కేసు నేలమీద బోర్లించి ఉంది. డ్యూటీ బట్టలు, చుడీదార్లు, చున్నీలు, పుస్తకాలు, పౌడర్ డబ్బా, వాళ్ళ అమ్మ ఫోటో గదంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక్కో బట్టా లోపలిది బయటికి తిప్పి విదిలించి ఉంది. నేను పిలవలేదు. ప్రార్థన చేయనా అని అడగలేదు. ఫ్లాస్కు పక్కన పెట్టి, నొప్పిగా ఉన్నా ఆ మోకాళ్ళ మీదే కిందికి దిగి, ఆ బట్టలు ఒక్కొక్కటే సరిచేసి మడత పెట్టడం మొదలుపెట్టాను.